ఎక్స్‌ఇనెట్‌డీ కింద ఎన్‌ఆర్‌పీఈ: బ్రాంచి సర్వర్‌ని నాగియోస్‌కి కలపడం ఎలా

ద్వారకానగర్‌లో హెడ్డాఫీసు, గాజువాక ఆటోనగర్‌లో గోడౌన్, పోర్టు దగ్గర ఓ చిన్న క్లియరింగ్ ఆఫీసు. మూడుచోట్లా కలిపి ఏడెనిమిది లైనక్స్ సర్వర్లు, అన్నిటికీ ఒక్కరే సిస్టమ్ అడ్మిన్. విశాఖలో ఇలాంటి ఆఫీసులు చాలా ఉన్నాయి. ఆ ఒక్కరు మీరే అయితే ఈ గైడ్ మీ కోసమే.

ఇక్కడ సర్వర్లను కనిపెట్టుకుని ఉండటం తప్పదు. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, ఉక్కపోత రోజుల్లో ఏసీ ట్రిప్పయితే చిన్న సర్వర్ గది ఇట్టే వేడెక్కిపోతుంది. అక్టోబరు, నవంబరు వస్తే తుఫాన్ల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఊళ్లో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు ఏ మెషీన్ లేచింది, ఏది లేవలేదు, ఏ డిస్క్ నిండిపోయింది అన్నది ఒకచోట కూర్చుని తెలుసుకోగలగాలి. అందుకే సర్వర్లని కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్ నాగియోస్. అది దూరపు సర్వర్ లోపలి సంగతులు అడిగి తెలుసుకోవడానికి, ఆ సర్వర్‌లో ఉండి జవాబిచ్చే చిన్న ప్రోగ్రామ్ ఎన్‌ఆర్‌పీఈ. దాన్ని ఎక్స్‌ఇనెట్‌డీ అనే ఇంకో ప్రోగ్రామ్ కింద నడపడం ఎలాగో ఇక్కడ చూద్దాం.

ఒక మాట ముందే చెప్తాను. కమాండ్లు, ఫైల్ పేర్లు, సెట్టింగులు అన్నీ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో టైప్ చేయాలి. పెద్దక్షరాలు కావలసిన చోట విడిగా చెప్తాను. అండర్‌స్కోర్, చుక్క, అడ్డగీత ఎలా కనిపిస్తే అలాగే ఉంచండి.

ఎవరు ఏం చేస్తారు

ఎన్‌ఆర్‌పీఈ పని చిన్నదే. 5666 పోర్టు మీద నాగియోస్ సర్వర్ వచ్చి "లోడ్ ఎంతుంది?" అని అడుగుతుంది. ఎన్‌ఆర్‌పీఈ తన కాన్ఫిగ్ ఫైల్లో ఆ పేరుతో ఉన్న ప్లగిన్‌ని, అంటే ఒక్క సంగతి చూసి చెప్పే చిన్న ప్రోగ్రామ్‌ని నడిపి, వచ్చిన ఒక లైన్ జవాబునీ ఎగ్జిట్ కోడ్‌నీ తిరిగి పంపుతుంది. 0 అయితే ఓకే, 1 వార్నింగ్, 2 క్రిటికల్, 3 అన్‌నోన్. అంతే.

దీన్ని రెండు రకాలుగా నడపొచ్చు. ఒకటి, సొంత డీమన్‌గా, అంటే తెర వెనక నిరంతరం నడిచే ప్రోగ్రామ్‌గా, ఎప్పుడూ పోర్టు పట్టుకుని కూర్చోవడం. రెండోది, సూపర్‌సర్వర్ కింద. సూపర్‌సర్వర్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది. గేటు దగ్గర తనే కూర్చుంటుంది, వచ్చినవాళ్లని చూస్తుంది, లోపలికి పంపదగినవాళ్లయితేనే ఆ ఫ్లాట్‌వాళ్లని లేపుతుంది. యూనిక్స్‌లో ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఇనెట్‌డీ అనే సూపర్‌సర్వర్ 1986 నాటి 4.3 బీఎస్‌డీ యూనిక్స్‌తోనే ఉంది. ఎవరికి అనుమతి, సెకనుకి ఎన్ని కనెక్షన్లు, ఒక్కొక్కరికి ఎన్ని అనే నియమాలు జోడించి తర్వాత వచ్చినది ఎక్స్‌ఇనెట్‌డీ.

ఈ పద్ధతిలో బాగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఎన్‌ఆర్‌పీఈని ఎక్స్‌ఇనెట్‌డీ కిందకి మార్చగానే పోర్టు, అనుమతులు, ఏ యూజర్‌గా నడవాలి అన్న నిర్ణయాలన్నీ ఎన్‌ఆర్‌పీఈ చేతుల్లోంచి పోతాయి. ఎన్‌ఆర్‌పీఈ.సీఎఫ్‌జీ ఫైల్లో సర్వర్_పోర్ట్, సర్వర్_అడ్రస్, అలౌడ్_హోస్ట్స్, ఎన్‌ఆర్‌పీఈ_యూజర్, ఎన్‌ఆర్‌పీఈ_గ్రూప్ అనే లైన్లు అలాగే కనిపిస్తుంటాయి, కానీ వాటిని ఎవరూ చదవరు. అలౌడ్_హోస్ట్స్‌లో నాగియోస్ ఐపీ రాసి, మిగతావాళ్లకి తలుపు మూశాననుకునేవాళ్లు ఎంతోమంది. ఎక్స్‌ఇనెట్‌డీ ఫైల్లో, ఏ అడ్రసుల నుంచి రానివ్వాలో చెప్పే ఓన్లీ_ఫ్రమ్ అనే లైన్ లేకపోతే నెట్‌వర్క్‌లో ఎవరైనా వచ్చి ఆ సర్వర్‌ని అడగొచ్చు. ఎన్‌ఆర్‌పీఈ.సీఎఫ్‌జీలో ఉన్న నోట్ కూడా ఈ సంగతే చెప్తుంది, కాకపోతే కామెంట్ లైన్లని ఎవరూ తీరిగ్గా చదవరు.

ఈ పద్ధతి వల్ల లాభమేమిటి? మెమరీ ఆదా అన్నది పాత కారణం, ఈ రోజుల్లో దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. నా దృష్టిలో అసలు లాభాలు రెండు. మొదటిది, ఆ మెషీన్‌లో ఇలాంటి చిన్న సర్వీసులు రెండుమూడుంటే అన్నిటి అనుమతులూ ఒకే తీరులో, ఒకేచోట ఉంటాయి. రెండోది, ప్రతి చెక్‌కీ ఎన్‌ఆర్‌పీఈ కొత్తగా మొదలవుతుంది కాబట్టి కాన్ఫిగ్ ఫైల్‌ని ప్రతిసారీ తాజాగా చదువుతుంది. కొత్త కమాండ్ చేర్చి సేవ్ చేస్తే చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు. దీనికి బదులుగా ప్రతి చెక్‌కీ ఒక ప్రాసెస్ పుట్టాలి, రహస్య కనెక్షన్ కుదుర్చుకునే ఎస్‌ఎస్‌ఎల్ హ్యాండ్‌షేక్ మొదటినుంచీ జరగాలి. ఐదు నిమిషాలకోసారి ఓ ఇరవై చెక్‌లు నడిచే సర్వర్‌కి ఇది పెద్ద భారం కాదు. అదే నిమిషానికి వందల చెక్‌లు నడిచే చోటయితే సొంత డీమన్‌గానే ఉంచండి.

మొదట పాత డీమన్‌ని ఆపండి

ఉదాహరణకి నాగియోస్ సర్వర్ ద్వారకానగర్‌లో 192.168.10.5 అనుకుందాం. మనం కలపబోయేది ఆటోనగర్ గోడౌన్‌లో 192.168.20.11 మీదున్న ఉబుంటు సర్వర్.

గోడౌన్ సర్వర్‌లో నాగియోస్-ఎన్‌ఆర్‌పీఈ-సర్వర్, ఎక్స్‌ఇనెట్‌డీ అనే రెండు ప్యాకేజీలూ యాప్ట్‌తో ఇన్‌స్టాల్ చేయండి. ప్లగిన్లు లేకపోతే మానిటరింగ్-ప్లగిన్స్ కూడా. ఇన్‌స్టాల్ కాగానే ఎన్‌ఆర్‌పీఈ తనంతట తాను డీమన్‌గా లేచి 5666 పోర్టు పట్టేసుకుంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఎక్స్‌ఇనెట్‌డీకి పోర్టు దొరకదు. లాగ్‌లో "బైండ్ ఫెయిల్డ్, అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అని ఒక్క లైన్ పడుతుంది, అంతకుమించి చప్పుడుండదు. బయటినుంచి చూస్తే చెక్‌లు పనిచేస్తూనే ఉంటాయి, ఎందుకంటే జవాబిస్తున్నది పాత డీమనే. అంతా సవ్యంగా ఉందనిపించే ఈ స్థితే ప్రమాదకరం.

కాబట్టి ముందు ఇవి నడపండి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ నాగియోస్-ఎన్‌ఆర్‌పీఈ-సర్వర్
సుడో సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్ నాగియోస్-ఎన్‌ఆర్‌పీఈ-సర్వర్
సుడో సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ నాగియోస్-ఎన్‌ఆర్‌పీఈ-సర్వర్

మూడోది అనవసరం అనిపించొచ్చు. కానీ ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయినప్పుడు ఆ సర్వీస్ మళ్లీ లేవకుండా ఆపేది మాస్కే. రెడ్‌హ్యాట్ తరహా సిస్టమ్ అయితే సర్వీస్ పేరు ఒట్టి ఎన్‌ఆర్‌పీఈ. అక్కడ యూజర్ పేరు కూడా నాగియోస్ కాదు, ఎన్‌ఆర్‌పీఈ అని ఉంటుంది. ఆ తేడా కింద ఫైల్లో పనికొస్తుంది.

ఎక్స్‌ఇనెట్‌డీకి ఫైల్ రాయండి

/ఈటీసీ/ఎక్స్‌ఇనెట్‌డీ.డీ అనే డైరెక్టరీలో ఎన్‌ఆర్‌పీఈ అనే పేరుతో కొత్త ఫైల్ తెరవండి. పేరులో చుక్క ఉండకూడదు. చుక్క ఉన్న ఫైళ్లనీ, చివర టిల్డె గుర్తు ఉన్న ఫైళ్లనీ ఎక్స్‌ఇనెట్‌డీ చదవకుండా దాటేస్తుంది. దీన్ని మనకి అనుకూలంగానూ వాడుకోవచ్చు. పాత ఫైల్‌ని దాచుకోవాలంటే ఎన్‌ఆర్‌పీఈ.బీఏకే అని పేరు పెట్టండి, దాని జోలికి రాదు. ఎన్‌ఆర్‌పీఈ_ఓల్డ్ అని పెడితే మాత్రం దాన్నీ చదువుతుంది, ఒకే సర్వీస్‌కి రెండు నిర్వచనాలవుతాయి.

ఫైల్లో ఇది రాయండి:

సర్వీస్ ఎన్‌ఆర్‌పీఈ
{
    డిజేబుల్ = నో
    టైప్ = అన్‌లిస్టెడ్
    పోర్ట్ = 5666
    సాకెట్_టైప్ = స్ట్రీమ్
    ప్రొటోకాల్ = టీసీపీ
    వెయిట్ = నో
    యూజర్ = నాగియోస్
    గ్రూప్ = నాగియోస్
    సర్వర్ = /యూఎస్‌ఆర్/ఎస్‌బిన్/ఎన్‌ఆర్‌పీఈ
    సర్వర్_ఆర్గ్స్ = -సీ /ఈటీసీ/నాగియోస్/ఎన్‌ఆర్‌పీఈ.సీఎఫ్‌జీ --ఇనెట్‌డీ
    ఓన్లీ_ఫ్రమ్ = 127.0.0.1 192.168.10.5
    ఇన్‌స్టాన్సెస్ = 30
    పర్_సోర్స్ = 20
    సీపీఎస్ = 50 10
    లాగ్_ఆన్_సక్సెస్ =
    లాగ్_ఆన్_ఫెయిల్యూర్ = హోస్ట్
}

అన్‌లిస్టెడ్, హోస్ట్ అన్న రెండు మాటలూ పెద్దక్షరాల్లో ఉండాలి. సమానం గుర్తుకి రెండువైపులా ఖాళీ వదలండి. ఓన్లీ_ఫ్రమ్‌లో అడ్రసుల మధ్య కామా పెట్టొద్దు, ఖాళీ చాలు.

టైప్ అన్‌లిస్టెడ్ అంటే /ఈటీసీ/సర్వీసెస్ ఫైల్లో ఈ సర్వీస్ పేరు వెతకొద్దు, పోర్టు ఇక్కడే చెప్తున్నాను అని. అది లేకుండా రాస్తే ఆ ఫైల్లో ఎన్‌ఆర్‌పీఈ 5666/టీసీపీ అనే లైన్ ఉండి తీరాలి. నేను ఎప్పుడూ అన్‌లిస్టెడ్ అనే రాస్తాను. సర్వర్ మారినా ఈ ఒక్క ఫైల్ కాపీ చేసుకుంటే సరిపోతుంది.

వెయిట్ = నో అంటే కనెక్షన్‌ని ఎక్స్‌ఇనెట్‌డీయే అందుకుని, సిద్ధంగా ఉన్న సాకెట్‌ని ఎన్‌ఆర్‌పీఈకి ఇచ్చేసి, తను వెంటనే తర్వాతి కనెక్షన్ కోసం చూస్తుంది. యెస్ అని పెడితే కనెక్షన్ అందుకునే పని ఎన్‌ఆర్‌పీఈదే అవుతుంది. ఇనెట్‌డీ మోడ్‌లో ఎన్‌ఆర్‌పీఈకి ఆ పని రాదు.

సర్వర్_ఆర్గ్స్‌లో ప్రోగ్రామ్ పేరు మళ్లీ రాయకండి. పాత ఇనెట్‌డీ ఫైళ్లలో రాయాలి, ఇక్కడ అక్కర్లేదు. చివరన --ఇనెట్‌డీ మర్చిపోతే ఎన్‌ఆర్‌పీఈ తనకి అందిన సాకెట్‌తో ఏం చేయాలో తెలియక, చెక్‌కి జవాబు లేకుండా పోతుంది.

పాత ఉదాహరణల్లో లాగ్_ఆన్_ఫెయిల్యూర్ దగ్గర యూజర్‌ఐడీ అని కూడా కనిపిస్తుంది. అవతలి మెషీన్‌లో 113 పోర్టు మీద ఐడెంట్ సర్వీస్‌ని అడిగి, ఎవరు కనెక్ట్ అయ్యారో తెలుసుకునే ఏర్పాటది. ఇప్పుడు ఐడెంట్ నడిపేవాళ్లు దాదాపు లేరు. తీసేయండి. లాగ్_ఆన్_సక్సెస్‌ని ఖాళీగా వదలడానికీ కారణం ఉంది. ఐదు నిమిషాలకి ఇరవై చెక్‌లంటే రోజుకి 5,760 కనెక్షన్లు. ఒక్కోదానికి మొదలైనట్టు ఒక లైన్, ముగిసినట్టు ఒక లైన్ పడితే అసలు చూడాల్సిన లైన్ ఆ గుంపులో కలిసిపోతుంది.

గోడౌన్ సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులుండి, ఒకటి బయటి ఇంటర్నెట్ వైపు ఉంటే బైండ్ = 192.168.20.11 అనే లైన్ కూడా చేర్చండి. అప్పుడు ఎక్స్‌ఇనెట్‌డీ లోపలి కార్డు మీదే వింటుంది.

ఎన్‌ఆర్‌పీఈకి కమాండ్లు నేర్పండి

ప్యాకేజీతో వచ్చిన ఎన్‌ఆర్‌పీఈ.సీఎఫ్‌జీని మార్చకండి. ఉబుంటు, డెబియన్లలో /ఈటీసీ/నాగియోస్/ఎన్‌ఆర్‌పీఈ.డీ డైరెక్టరీలో .సీఎఫ్‌జీతో ముగిసే ఫైల్ ఏది పెట్టినా చదువుతుంది. అక్కడ గోడౌన్.సీఎఫ్‌జీ అని ఒకటి పెట్టి మీ కమాండ్లు రాసుకోండి:

కమాండ్[చెక్_లోడ్]=/యూఎస్‌ఆర్/లిబ్/నాగియోస్/ప్లగిన్స్/చెక్_లోడ్ -డబ్ల్యూ 15,10,5 -సీ 30,25,20
కమాండ్[చెక్_రూట్]=/యూఎస్‌ఆర్/లిబ్/నాగియోస్/ప్లగిన్స్/చెక్_డిస్క్ -డబ్ల్యూ 20% -సీ 10% -పీ /

లోడ్ అంకెలు మచ్చుకి ఇచ్చినవి. మీ సర్వర్‌లో ఎన్ని కోర్లున్నాయో చూసి తగ్గించుకోండి. నాలుగు కోర్ల మెషీన్‌లో లోడ్ 15కి చేరిందంటే అప్పటికే జనం ఫోన్లు చేస్తూ ఉంటారు. యూపీఎస్‌ని గమనించే నట్ అనే సాఫ్ట్‌వేర్‌తో మీ యూపీఎస్‌ని కలిపి ఉంటే చెక్_యూపీఎస్ ప్లగిన్‌ని కూడా ఇలాగే చేర్చండి. విశాఖలో బ్రాంచి సర్వర్‌కి డిస్క్ తర్వాత చూడాల్సింది అదే.

డోంట్_బ్లేమ్_ఎన్‌ఆర్‌పీఈ అనే సెట్టింగ్ 0గానే ఉంచండి. ఎన్‌ఆర్‌పీఈని అందుకు వీలుగా కంపైల్ చేసి ఉంటే, 1 చేస్తే నాగియోస్ వైపునుంచి ఆర్గ్యుమెంట్లు పంపొచ్చు, హద్దులన్నీ ఒకేచోట మార్చుకోవచ్చు, సౌకర్యమే. కానీ బయటినుంచి వచ్చిన అక్షరాలు కమాండ్ లైన్లోకి చేరతాయి. ఈ దారినే వాడుకుని కమాండ్లు నడపగలిగే లోపం ఎన్‌ఆర్‌పీఈలో 2014లో బయటపడింది. ఆ లోపాన్ని సరిచేశారు. అయినా ఏడెనిమిది సర్వర్లకి హద్దుల్ని అక్కడక్కడే రాసుకోవడం ఏమంత కష్టం కాదు.

ప్రతి ప్లగిన్‌నీ ముందు చేత్తో నడిపి చూడండి, అదీ నాగియోస్ యూజర్‌గా. సుడో -యూ నాగియోస్ అని ముందు పెట్టి పూర్తి పాత్‌తో ఇవ్వండి. రూట్‌గా నడిపితే అన్నీ పనిచేస్తాయి, దానివల్ల తెలిసేదేమీ లేదు. సొంతంగా రాసిన స్క్రిప్టుల్లో ప్రతి కమాండ్‌కీ పూర్తి పాత్ రాయండి. మీరు లాగిన్ అయినప్పుడు ఉండే ఎన్విరాన్‌మెంట్ ఎక్స్‌ఇనెట్‌డీ పుట్టించిన ప్రాసెస్‌కి ఉండదు.

లేపి, చూడండి

సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ ఎక్స్‌ఇనెట్‌డీ
సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎక్స్‌ఇనెట్‌డీ

మొదటి లైన్ వదిలేయకండి. కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేచి, ఎక్స్‌ఇనెట్‌డీ లేవకపోతే ఆ మెషీన్ గురించి మీకు ఏ కబురూ అందదు. అలాంటి రోజునే కదా ఈ ఏర్పాటంతా అక్కరకి రావాలి.

ఇప్పుడు సుడో ఎస్‌ఎస్ -ఎల్‌టీఎన్‌పీ నడిపి 5666 ఉన్న లైన్ చూడండి. చివర ప్రాసెస్ పేరు ఎక్స్‌ఇనెట్‌డీ అని ఉండాలి. ఎన్‌ఆర్‌పీఈ అని ఉంటే పాత డీమన్ ఇంకా నడుస్తోందన్నమాట, వెనక్కి వెళ్లి ఆపండి. ఇక నడుస్తున్న ప్రాసెస్‌ల లిస్టు చూపే పీఎస్ కమాండ్‌లో ఎన్‌ఆర్‌పీఈ ఎక్కడా కనిపించదు. చెక్ జరిగే ఆ ఒక్క క్షణమే బతికి పోతుంది కాబట్టి కనిపించకపోవడమే సరైన స్థితి. మీ తర్వాత ఆ సర్వర్ చూసుకునేవాళ్లకి ఈ సంగతి రాసిపెట్టండి. లేకపోతే "ఎన్‌ఆర్‌పీఈ నడవట్లేదు" అని డీమన్‌ని మళ్లీ లేపుతారు.

ఫైర్‌వాల్‌లో నాగియోస్ ఒక్కదానికే దారివ్వండి:

సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఫ్రమ్ 192.168.10.5 టు ఎనీ పోర్ట్ 5666 ప్రొటో టీసీపీ

ఓన్లీ_ఫ్రమ్ ఉండగా మళ్లీ ఇదెందుకంటే, ఓన్లీ_ఫ్రమ్ పనిచేసేది కనెక్షన్ అందుకున్నాకే. ఫైర్‌వాల్ అంతదాకా రానివ్వదు.

నాగియోస్ తరఫున ఎన్‌ఆర్‌పీఈని అడిగే ప్లగిన్ చెక్_ఎన్‌ఆర్‌పీఈ. తర్వాత గోడౌన్ సర్వర్ మీదే చెక్_ఎన్‌ఆర్‌పీఈ -హెచ్ 127.0.0.1 నడపండి. ఈ -హెచ్ పెద్దక్షరం. ఎన్‌ఆర్‌పీఈ వెర్షన్ నంబర్ ఒక్కటే జవాబుగా రావాలి. వస్తే ద్వారకానగర్ నాగియోస్ సర్వర్ నుంచి అదే కమాండ్ 192.168.20.11కి. అదీ వస్తే చివర -సీ చెక్_లోడ్ చేర్చి. ఈ వరస తప్పకండి. మూడింట్లో ఏది ఆగిందో దాన్నిబట్టే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

జవాబు రాకపోతే

కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని వస్తే ఆ పోర్టు మీద ఎవరూ లేరు. ఎక్స్‌ఇనెట్‌డీ లేవలేదు, లేదా ఫైల్లో తప్పుంది, లేదా డిజేబుల్ యెస్‌గా ఉండిపోయింది. సాకెట్ టైమౌట్ ఆఫ్టర్ 10 సెకండ్స్ అంటే దారిలో ఫైర్‌వాల్ మింగేస్తోంది, లేదా ప్లగిన్ పది సెకన్లకు మించి తీసుకుంటోంది. వెర్షన్ అడిగితే జవాబొచ్చి చెక్_లోడ్ అడిగితే టైమౌటయితే అది ప్లగినే. కమాండ్ నాట్ డిఫైన్డ్ అంటే పేరు తప్పు. అన్‌ఏబుల్ టు రీడ్ అవుట్‌పుట్ అంటే కమాండ్ దొరికింది కానీ ప్లగిన్ ఏమీ చెప్పలేదు. పాత్ తప్పో, నడిపే అనుమతి లేకపోవడమో, సుడో పాస్‌వర్డ్ అడుగుతూ ఆగిపోవడమో అయ్యుంటుంది.

వీటన్నిటికన్నా జనాన్ని తిప్పలు పెట్టేది "కుడ్ నాట్ కంప్లీట్ ఎస్‌ఎస్‌ఎల్ హ్యాండ్‌షేక్". ఇది చూడగానే సర్టిఫికెట్ల వెంట, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ల వెంట పరుగెడతారు. ఎక్స్‌ఇనెట్‌డీ కింద ఈ మాట వస్తే ముందు చూడాల్సింది ఓన్లీ_ఫ్రమ్. కారణం ఇది: అనుమతి లేని అడ్రస్ నుంచి కనెక్షన్ వస్తే ఎక్స్‌ఇనెట్‌డీ దాన్ని అందుకుని, లిస్టులో లేదని చూసి, వెంటనే మూసేస్తుంది. చెక్_ఎన్‌ఆర్‌పీఈకి కనెక్షన్ దొరికినట్టే దొరికి, హ్యాండ్‌షేక్ మొదలుపెట్టేలోపు తెగిపోతుంది. అది తనకి తెలిసిన మాట చెప్తుంది, అంతే.

గోడౌన్ సర్వర్‌లో జర్నల్‌సీటీఎల్ -యూ ఎక్స్‌ఇనెట్‌డీ నడిపితే అసలు కారణం ఒక్క లైన్లో ఉంటుంది. "ఫెయిల్: ఎన్‌ఆర్‌పీఈ అడ్రస్ ఫ్రమ్=192.168.20.1" అన్న తీరులో. ఆ అడ్రస్‌ని జాగ్రత్తగా చూడండి. మీరు అనుమతించింది 192.168.10.5, వచ్చింది 192.168.20.1. అంటే వీపీఎన్ మీదుగా వచ్చేటప్పుడు గోడౌన్ రూటర్ సోర్స్ అడ్రస్‌ని తనదిగా మార్చేస్తోంది. రెండు దారులున్నాయి. రూటర్‌లో ఆ వీపీఎన్ ట్రాఫిక్‌కి నాట్‌ని, అంటే ఈ అడ్రస్ మార్పిడిని, ఆపడం మంచిది. ఓన్లీ_ఫ్రమ్‌లో రూటర్ అడ్రస్ చేర్చడం సులువు, కానీ అప్పుడు ఆ రూటర్ వెనకనుంచి వచ్చే ప్రతి ఒక్కరికీ తలుపు తెరిచినట్టే. అప్పుడు ఓన్లీ_ఫ్రమ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

లాగ్‌లో అడ్రస్ బదులు లిబ్‌ర్యాప్ అని కనిపిస్తే /ఈటీసీ/హోస్ట్స్.డినై ఫైల్లో ఎవరో అందరినీ ఆపేశారు. ఎక్స్‌ఇనెట్‌డీ తన సొంత లిస్టుతోపాటు దాన్నీ చూస్తుంది. హోస్ట్స్.అలౌలో ఎన్‌ఆర్‌పీఈ పేరుతో నాగియోస్ అడ్రస్ చేర్చండి.

హద్దులు ఎందుకు పెంచాం

పర్_సోర్స్ అంటే ఒకే అడ్రస్ నుంచి ఒకే సమయంలో ఎన్ని కనెక్షన్లు ఉండొచ్చు అని. బయటివాళ్లు ఎవరైనా సర్వర్‌ని ముంచెత్తకుండా పెట్టిన హద్దు. రెడ్‌హ్యాట్ తరహా సిస్టమ్‌లలో ప్రధాన ఫైల్లో ఇది 10 అని ఉంటుంది. కానీ మన దగ్గర కనెక్షన్లన్నీ వచ్చేది ఒకే అడ్రస్ నుంచి, అదీ నాగియోస్ నుంచి. అంటే ఈ హద్దు మొట్టమొదట తగిలేది మన మానిటరింగ్‌కే.

ఎలా తగులుతుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. గోడౌన్ సర్వర్ మీద హెడ్డాఫీసు నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే నెట్‌వర్క్ మీదుగా, మౌంట్ చేసిన ఫోల్డర్ ఒకటుంది. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర రోడ్డు తవ్వుతుంటే ఫైబర్ తెగి, మళ్లీ అతికాక లింక్ వచ్చింది కానీ ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ బిగుసుకుపోయింది. దాన్ని చూడబోయిన చెక్_డిస్క్ అక్కడే ఆగిపోతుంది. కెర్నల్ లోపల అలా ఇరుక్కున్న ప్రాసెస్ ఎన్‌ఆర్‌పీఈ టైమౌట్‌కి కూడా చావకపోవచ్చు. కొన్ని నిమిషాల తర్వాత నాగియోస్ మళ్లీ అడుగుతుంది, ఇంకొకటి ఇరుక్కుంటుంది. ఇలా పోగుపడుతూ పది నిండేసరికి, ఏ గొడవా లేని చెక్_లోడ్‌నీ చెక్_యూపీఎస్‌నీ కూడా ఎక్స్‌ఇనెట్‌డీ తిప్పి పంపేస్తుంది. నాగియోస్ తెర మీద గోడౌన్ వరసంతా ఎరుపు. కంగారుగా ఫోన్ చేస్తే గోడౌన్ ఇన్‌చార్జ్ "బిల్లులు వేస్తూనే ఉన్నామండీ, ఏటైంది?" అంటారు. ఆయన చెప్పింది నిజమే. లాగ్‌లో చూస్తే పర్_సోర్స్_లిమిట్ అని వరసగా లైన్లుంటాయి.

అందుకే మూడు పనులు చేయండి. పర్_సోర్స్‌ని ఆ సర్వర్‌కున్న చెక్‌ల సంఖ్యకి తగ్గకుండా పెట్టండి. చెక్_డిస్క్‌లో -పీతో కావలసిన లోకల్ పార్టిషన్లే పేర్కొనండి, ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్లకి పోనివ్వకండి. ఎన్‌ఆర్‌పీఈ.సీఎఫ్‌జీలో 60గా ఉండే కమాండ్_టైమౌట్‌ని మీ గోడౌన్.సీఎఫ్‌జీలో 25 అని రాసి, నాగియోస్ వైపు చెక్_ఎన్‌ఆర్‌పీఈకి -టీ 30 ఇవ్వండి. లోపలిది ముందు ముగిస్తే ఏ కమాండ్ ఆలస్యమైందో ఎన్‌ఆర్‌పీఈయే చెప్పగలుగుతుంది. బయటిది ముందు ముగిస్తే మీకు దొరికేది సాకెట్ టైమౌట్ అన్న మాటొక్కటే.

సీపీఎస్ 50 10 అంటే సెకనుకి 50 కనెక్షన్లు దాటితే సర్వీస్‌ని 10 సెకన్లపాటు ఆపేయమని. చిన్న సర్వర్‌కి ఇది చాలు. ఎవరైనా 2, 3 అని తగ్గించి ఉంటే పెంచండి. నాగియోస్‌లో ఒక హోస్ట్ చెక్‌లన్నీ ఒకేసారి నడపమని నొక్కగానే సర్వీస్ ఆగిపోతుంది.

నాగియోస్ వైపు

కమాండ్ నిర్వచనంలో హోస్ట్ అడ్రస్, -టీ 30తోపాటు -యూ కూడా చేర్చండి. దాంతో టైమౌట్ అయినప్పుడు క్రిటికల్ కాక అన్‌నోన్ వస్తుంది. డిస్క్ నిండడం వేరు, డిస్క్ సంగతి తెలుసుకోలేకపోవడం వేరు. రాత్రి రెండింటికి మెసేజ్ వస్తే లేచి వెళ్లాలా వద్దా అన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

ఎన్‌ఆర్‌పీఈ వెర్షన్ అడిగే ఒక సర్వీస్ విడిగా పెట్టండి, అంటే -సీ లేకుండా ఒట్టి చెక్_ఎన్‌ఆర్‌పీఈ. గోడౌన్‌లో మిగతా సర్వీసులన్నీ దాని మీద ఆధారపడినట్టు సర్వీస్‌డిపెండెన్సీ రాయండి. దారే మూసుకుపోయినప్పుడు ఇరవై మెసేజ్‌ల బదులు ఒక్కటే వస్తుంది. అలాగే గోడౌన్ రూటర్‌ని కూడా ఒక హోస్ట్‌గా చేర్చి, సర్వర్ నిర్వచనంలో పేరెంట్స్ దగ్గర దాని పేరు రాయండి. ఫైబర్ తెగితే రూటర్ డౌన్ అని, దాని వెనకున్న సర్వర్ అన్‌రీచబుల్ అని నాగియోస్ విడివిడిగా చెప్తుంది.

ఎక్స్‌ఇనెట్‌డీ దొరకని సర్వర్లలో

రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9, దాని తరహా సిస్టమ్‌లలో ఎక్స్‌ఇనెట్‌డీ ప్యాకేజీ లేదు. అక్కడ ఇదే పని, సర్వీసులన్నిటినీ లేపి నడిపే సిస్టమ్‌డీ చేస్తుంది. /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్ కింద రెండు ఫైళ్లు కావాలి.

మొదటిది గోడౌన్-ఎన్‌ఆర్‌పీఈ.సాకెట్. అందులో సాకెట్ అనే భాగం కింద లిజెన్‌స్ట్రీమ్=5666, యాక్సెప్ట్=యెస్ రాయండి. అనుమతుల కోసం ఐపీఅడ్రస్‌డినై=ఎనీ, ఐపీఅడ్రస్‌అలౌ=192.168.10.5 అని రెండు లైన్లు, లోకల్‌గా పరీక్షించాలంటే 127.0.0.1 కూడా. ఇవి సాకెట్ ఫైల్లోనే ఉండాలి, సర్వీస్ ఫైల్లో రాస్తే లాభం లేదు. మ్యాక్స్‌కనెక్షన్స్ రాయకపోతే 64. ఇన్‌స్టాల్ భాగం కింద వాంటెడ్‌బై=సాకెట్స్.టార్గెట్.

రెండోది గోడౌన్-ఎన్‌ఆర్‌పీఈ@.సర్వీస్. ఆ @ గుర్తు తప్పనిసరి. యాక్సెప్ట్ యెస్ అయినప్పుడు ప్రతి కనెక్షన్‌కీ ఆ మూసలోంచి ఒక కొత్త సర్వీస్ పుడుతుంది. సర్వీస్ భాగంలో ఎగ్జెక్‌స్టార్ట్ దగ్గర పైన వాడిన కమాండే, చివర --ఇనెట్‌డీతో సహా. యూజర్=ఎన్‌ఆర్‌పీఈ, స్టాండర్డ్‌ఇన్‌పుట్=సాకెట్. ఈ సెట్టింగుల పేర్లలో ప్రతి మాటా పెద్దక్షరంతో మొదలవుతుంది, మాటల మధ్య ఖాళీ ఉండదు.

డీమన్-రీలోడ్ చేసి, సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ గోడౌన్-ఎన్‌ఆర్‌పీఈ.సాకెట్ అనండి. ఎనేబుల్ చేయాల్సింది సాకెట్‌నే, సర్వీస్‌ని కాదు. ఇక్కడ ఎస్‌ఎస్‌లో 5666 పక్కన సిస్టమ్‌డీ పేరు కనిపిస్తుంది. ఎన్‌ఆర్‌పీఈ.సీఎఫ్‌జీలోని అలౌడ్_హోస్ట్స్ ఇక్కడా పనిచేయదు.

ఏ పద్ధతిలో పెట్టినా చివరగా సర్వర్‌ని ఒకసారి రీబూట్ చేయండి, పని తక్కువగా ఉండే ఆదివారమైతే మేలు. లాగిన్ కాకుండానే నాగియోస్ తెర మీద గోడౌన్ సర్వీసులన్నీ వాటంతటవే పచ్చబడే దాకా చూడండి. తర్వాత లిస్టులో లేని ఇంకో కంప్యూటర్ నుంచి చెక్_ఎన్‌ఆర్‌పీఈ నడిపి, జవాబు రావట్లేదని కూడా తేల్చుకోండి.